ఒక ఫోను, ఏడు మెయిల్ ఐడీలు: ఏది ఎవరిదో ముందు తేల్చండి

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. మావారికి రొయ్యల చెరువుల ఏరియేటర్లు, వాటి స్పేర్ పార్టులు అమ్మే షాపు ఉంది. ఇంట్లో ఎవరికి మెయిల్ కావాలన్నా నా ఫోనే గతి. నా సొంత ఐడీ, స్కూల్ వాళ్ళిచ్చింది, షాపుది, మావారి పాత యాహూ, ఆర్టీసీలో రిటైరైన మామయ్యది, నెల్లూరు హాస్టల్లో ఇంటర్ సెకండియర్ చదువుతున్న పాపది, ఇవి కాక ఫోన్ కొన్నప్పుడు షాపులో అబ్బాయి పెట్టి ఇచ్చినది ఒకటి. మొత్తం ఏడు. పొద్దున లేచేసరికి వందల మెయిల్స్. మొన్న ప్రిన్సిపాల్‌కి లీవ్ లెటర్ పంపితే అది ఏరియేటర్ల షాపు ఐడీ నుంచి వెళ్ళింది, స్టాఫ్ రూమంతా నవ్వులు. జీఎస్టీ వాళ్ళు పంపిన మెయిల్ ఆడిటర్ చెప్పేదాకా మాకు తెలియనే లేదు. పాప జేఈఈ దరఖాస్తుకి ఐడీ నెట్ సెంటర్ అతను తెరిచాడు. మెయిల్స్ నా ఫోన్‌కి వస్తున్నాయి గానీ పాస్‌వర్డ్ మాకు తెలియదు, రికవరీ నంబరు కూడా అతనిదే. ఇది చాలదన్నట్టు 'స్టోరేజ్ ఫుల్' అని రోజూ ఒకటే గోల. చెన్నైలో ఉద్యోగం చేసే మా అబ్బాయి 'అన్నీ ఒకదాంట్లోకి కలిపేయమ్మా' అంటున్నాడు. కలపొచ్చా? అక్కర్లేనివి తీసేస్తే ఏమైనా పోతాయా? టెన్షన్‌గా ఉంది. పేరు వెయ్యొద్దు.

సమాధానం: టీచర్ గారూ,

ముందుగా ఒక్క మాట. నా సమాధానం పూర్తిగా చదివేదాకా ఫోన్లోంచి ఏ అకౌంటూ తీసెయ్యకండి. ముఖ్యంగా పాపది. ఫోన్ రీసెట్ అయితే అసలే వద్దు. ఎందుకో చెప్తాను.

పాస్‌వర్డ్ తెలియదు, రికవరీ నంబరు ఇంకొకరిది. ఇలాంటి అకౌంట్ మీద మీకున్న ఒకే ఒక్క హక్కు, అది మీ ఫోన్లో ఇప్పటికే లాగిన్ అయి ఉండటం. అకౌంట్ తీసేస్తే ఆ హక్కు కూడా పోతుంది. మళ్ళీ పెట్టాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదంటే నెట్ సెంటర్ అతని నంబరుకి కోడ్ పంపుతుంది. అతను షాపు ఎత్తేసి వెళ్ళిపోయి ఉంటే ఇంక అంతే.

'పోతే పోయిందిలే, కొత్త ఐడీ తెరుద్దాం' అనుకోవడానికీ లేదు. జేఈఈ మెయిన్ పెట్టే ఎన్‌టీఏ గత సంవత్సరాల్లో దరఖాస్తులో తప్పులు దిద్దుకోవడానికి గడువు ఇచ్చినప్పుడు కూడా మొబైల్ నంబరు, మెయిల్ ఐడీ మాత్రం మార్చనివ్వలేదు. ఇచ్చిన ఐడీ అభ్యర్థిదో తల్లిదండ్రులదో అయి ఉండాలని దరఖాస్తు సూచనల్లో వాళ్ళు రాస్తారు. నెట్ సెంటర్ల రద్దీలో అది చదివే తీరిక ఎవరికీ ఉండదు. అక్కడ కూర్చున్న అబ్బాయిని తప్పుపట్టి కూడా లాభం లేదు. క్యూలో ఇరవైమంది ఉంటే, ఓటీపీ తొందరగా రావాలని తన నంబరే కొట్టేస్తాడు. అప్పటికి పని జరుగుతుంది. ఆ తర్వాత తిప్పలు మనవి.

కాబట్టి మొదటి పని పాప ఐడీని మీ చేతికి తెచ్చుకోవడం. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉంటుంది. అందులో పాప అకౌంట్ ఎంచుకుని 'మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్' లోకి వెళ్ళండి. సెక్యూరిటీ దగ్గర పాస్‌వర్డ్ నొక్కితే పాతది అడుగుతుంది. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' అనండి. అకౌంట్ ఆ ఫోన్లోనే ఉంది కాబట్టి చాలాసార్లు ఫోన్ స్క్రీన్ లాక్‌తోనో, ఫోన్ మీదికి వచ్చే 'ఇది మీరేనా' అనే ప్రశ్నతోనో మిమ్మల్ని గుర్తుపట్టి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. అలా కుదరకపోతే నెట్ సెంటర్‌కే వెళ్ళండి. అక్కడి సిస్టమ్‌లో కాకుండా మీ ఫోన్లోనే ఈ పని మొదలుపెట్టి, అతని నంబరుకి వచ్చిన కోడ్ మాత్రం అడిగి తీసుకోండి. గొడవ పడొద్దు, అతనితో మనకు పని ఉంది.

పాస్‌వర్డ్ మారాక రికవరీ నంబరు తీసేసి మీది పెట్టండి. రికవరీ మెయిల్ దగ్గర ఎవరి ఐడీ ఉందో చూసి, అక్కడ మీ సొంత ఐడీ ఇవ్వండి. 'యువర్ డివైసెస్' లో నెట్ సెంటర్ కంప్యూటర్ కనిపిస్తే సైన్ అవుట్ చెయ్యండి. పర్సనల్ ఇన్ఫోలో పుట్టిన తేదీ కూడా ఒకసారి చూడండి. తొందరలో ఏదో ఒక తేదీ కొట్టేసే అలవాటు చాలాచోట్ల ఉంది. పదమూడేళ్ళు నిండనట్టు పడితే అకౌంట్‌నే ఆపేసే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి. రికవరీ నంబరు మార్చిన తర్వాత కూడా ఏడు రోజులపాటు పాత నంబరుకి కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఉంచుతుంది. దొంగలు నంబరు మార్చేస్తే అసలు యజమాని తిరిగి రాబట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ విషయంలో అది తిరగబడింది, పాత నంబరు మీది కాదు, నెట్ సెంటర్ అతనిది. అందుకని వారం దాటాక మళ్ళీ ఒకసారి డివైసెస్ జాబితా చూసుకోండి.

మామయ్య ఐడీ కూడా నెట్ సెంటర్‌లో తెరిచినదే అయితే దానికీ ఇదే వైద్యం.

ఇక మీ అబ్బాయి సలహా. రెండు జీమెయిల్ అకౌంట్లను కలిపి ఒకటి చెయ్యడం కుదరదు. గూగుల్‌లో ఆ ఏర్పాటే లేదు. కుదిరేది ఫార్వర్డింగ్. అంటే ఒక ఐడీకి వచ్చిన మెయిల్ దానంతటదే ఇంకో ఐడీకి వెళ్ళేట్టు పెట్టడం. అది కూడా ఫోన్ యాప్‌లో ఉండదు, కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి పెట్టాలి. కుర్రాళ్ళకు ఇది పెద్ద పని కాదు కాబట్టి అబ్బాయి అలా అని ఉంటాడు. నేనైతే వద్దంటాను. నలుగురు మనుషుల ఓటీపీలు, పాస్‌వర్డ్ మార్చే లింకులు ఒక్క ఐడీలో వచ్చి పడ్డాయనుకోండి, ఆ ఒక్కటీ ఎవరి చేతిలోనైనా పడితే ఇంటిల్లిపాదీ బజారున పడతాం. పైగా ఫార్వర్డ్ అయి వచ్చిన మెయిల్‌కి మీరు జవాబిస్తే అది మీ ఐడీ నుంచే వెళ్తుంది. లీవ్ లెటర్ కథ ఈసారి తిరగబడి, షాపు కొటేషన్ టీచర్ గారి పేరుతో వెళ్తుంది. ఫార్వర్డ్ అయినవి కొన్నిసార్లు స్పామ్‌లో పడిపోవడం కూడా ఉంది.

ఇంకో కారణం నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. ఐడీలు విడివిడిగా ఉంటే దొంగ మెయిల్ తొందరగా బయటపడుతుంది. మీ జీతం పడే బ్యాంకుకి మీరిచ్చింది మీ సొంత ఐడీ. ఆ బ్యాంకు పేరుతో 'కేవైసీ అప్‌డేట్ చెయ్యకపోతే అకౌంట్ ఆగిపోతుంది' అని షాపు ఐడీకి మెయిల్ వస్తే, లోపల ఏం రాసి ఉందో చదవక్కర్లేదు. అది దొంగది. ఆ బ్యాంకుకి షాపు ఐడీ తెలిసే దారే లేదు. అన్నీ ఒకదాంట్లో కలిసిపోతే ఈ ఆనవాలు పోతుంది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' తో ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. కాబట్టి లింకు నొక్కే ముందు ఆ తోక ఉందో లేదో చూడటం కూడా అలవాటు చేసుకోండి.

కలపకుండా అన్నీ చూడాలంటే జీమెయిల్ యాప్‌లో ఎడమవైపు మూడు గీతలు నొక్కితే పైన 'ఆల్ ఇన్‌బాక్సెస్' ఉంటుంది. అన్ని ఐడీల మెయిల్స్ ఒకే వరుసలో కనిపిస్తాయి. అకౌంట్లు మాత్రం దేనికది విడిగానే ఉంటాయి. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి పైపైన చూడటానికి అది బాగుంటుంది. జవాబులు రాయడానికి మాత్రం కుడివైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కి, ఆ ఐడీలోకి వెళ్ళి రాయండి. బొమ్మ మీద వేలు పెట్టి కిందికో పైకో జరిపినా అకౌంట్ మారుతుంది. తెలియకుండా వేలు తగిలినా మారిపోతుంది. మీ లీవ్ లెటర్ అలాగే వెళ్ళి ఉండొచ్చు.

లేదా ఇలా జరిగి ఉంటుంది: లెటర్‌ని ఫొటో తీసి, గ్యాలరీలో షేర్ నొక్కి, జీమెయిల్ ఎంచుకున్నారు. అలా షేర్ చేసినప్పుడు మీరు చివరగా చూస్తున్న ఐడీయే పడుతుందన్న నమ్మకం లేదు. యాప్ తన లెక్క ప్రకారం ఏదో ఒకటి పెడుతుంది. పైన 'ఫ్రమ్' అనే గీతలో ఏ ఐడీ ఉందో చూసి, తప్పయితే దాన్ని నొక్కి మార్చుకోవాలి. పంపిన వెంటనే అడుగున 'అన్‌డూ' అని కొన్ని సెకన్లు కనిపిస్తుంది. అదొక్కటే వెనక్కి తెచ్చే దారి. ఒక చిన్న ఉపాయం కూడా ఉంది. ప్రతి అకౌంట్‌కీ వేరే ప్రొఫైల్ ఫొటో పెట్టండి. షాపుకి ఏరియేటర్ బొమ్మ, మీకు మీ ఫొటో, పాపకి పాపది. అక్షరాలు చదవకముందే కంటికి తేడా తెలుస్తుంది. అన్నిటికీ రంగు గుండ్రంలో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటే ఏం గుర్తుపడతాం?

స్కూల్ వాళ్ళు పంపిన గూగుల్ ఫారం తెరిస్తే 'యు నీడ్ పర్మిషన్' అని వచ్చిందా ఎప్పుడైనా? చాలామంది టీచర్లు అప్పుడు స్కూల్‌కి ఫోన్ చేసి 'లింకు పనిచెయ్యట్లేదు' అంటారు. లింకు బాగానే ఉంటుంది. అది తెరిచింది వేరే ఐడీతో, అంతే. ఆ పేజీలోనే అకౌంట్ మార్చుకోమని ఉంటుంది, స్కూల్ ఐడీకి మారితే తెరుచుకుంటుంది. స్కూల్ ఐడీ గురించి ఇంకొక్క మాట. అది మీది కాదు, స్కూల్‌ది. ఉద్యోగం మారిన రోజు వాళ్ళు ఆపేస్తారు. బ్యాంకుకి, ఇన్సూరెన్స్‌కి, వేరే అకౌంట్ల రికవరీకి దాన్ని ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే మార్చుకోండి.

వందల మెయిల్స్ సంగతి. ఏడు ఐడీలూ సమానంగా మోగుతుంటే చెవి దేన్నీ పట్టించుకోదు. జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో ఒక్కో అకౌంట్ నొక్కితే నోటిఫికేషన్స్ అని ఉంటుంది. 'ఆల్', 'హై ప్రయారిటీ', 'నన్' అని మూడు రకాలు. పాప ఐడీకి ఆల్ పెట్టండి. హాస్టల్లో పాప దగ్గర ఫోన్ ఉండదు. పరీక్షలు, కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ మెయిల్స్ చూసే కన్ను మీదే. స్కూల్‌ది, మీ సొంతది హై ప్రయారిటీ చాలు. మిగతావన్నీ నన్. ఫోన్ సెట్టింగ్స్‌లో జీమెయిల్ యాప్ నోటిఫికేషన్లలోకి వెళ్తే ఒక్కో అకౌంట్‌కి వేరే శబ్దం కూడా పెట్టుకోవచ్చు. పాప ఐడీకి మాత్రం గట్టిగా మోగేది పెట్టండి. వంటింట్లో ఉన్నా వినపడాలి. ఫోన్ కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. స్పామ్ ఫోల్డర్‌ని మాత్రం వారానికి ఒకసారైనా తెరవండి, అందులో పడ్డది ముప్పై రోజులకు దానంతటదే పోతుంది.

యాహూని కూడా జీమెయిల్ యాప్‌లోనే పెట్టుకుని ఉంటారు. అక్కడికి మెయిల్ వెంటనే రాదు, యాప్ కొన్ని నిమిషాలకోసారి వెళ్ళి చూసి తెస్తుంది. ఓటీపీ కోసం ఎదురుచూస్తూ 'రాలేదు' అని మళ్ళీ మళ్ళీ పంపమంటే పాత కోడ్ చెల్లకుండా పోతుంది. తెరను కిందికి లాగి రిఫ్రెష్ చెయ్యండి. అది మీవారి పాతదే కదా అని వదిలెయ్యకండి. ఆయన ఎల్ఐసీ పాలసీకో బ్యాంకుకో అప్పట్లో ఇచ్చింది అదే అయి ఉంటుంది. పన్నెండు నెలలు వాడకుండా ఉంటే యాహూ ఆ పెట్టెను ఖాళీ చేసేస్తుంది. గూగుల్‌లో ఆ గడువు రెండేళ్ళు. ఆయన్ని కూర్చోబెట్టి అది ఎక్కడెక్కడ ఇచ్చారో ఒక్కొక్కటీ మార్పించుకుంటూ వచ్చి, ఆఖరికి వదిలెయ్యండి.

స్టోరేజ్ గోల ఏ ఐడీదో మీరు రాయలేదు గానీ, ఫోన్ షాపు అబ్బాయి పెట్టిచ్చిన దానిదే అని నా అనుమానం. ఫోన్లో మొదట పెట్టిన అకౌంట్‌కే ఫొటోల బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్ తగులుకుంటాయి. ఒక్కో గూగుల్ అకౌంట్‌కి ఉచితంగా దొరికేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ ఆ 15 లోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 దాకా సైజు తగ్గించి దాచే ఫొటోలకు ఈ లెక్క లేదు, ఆ తర్వాత వాటికీ వచ్చింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే వస్తుంది. నిండిపోతే ఆ ఐడీకి కొత్త మెయిల్ రాదు, పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది. అయితే ఒక ఐడీ నిండితే ఇంకో ఐడీకి ఏమీ కాదు, దేని 15 దానిదే. ఫొటోల అకౌంట్ నిండిందని పాప మెయిల్స్ ఆగవు.

దీన్ని ఇలా సర్దండి. గూగుల్ ఫొటోస్ తెరిచి, బ్యాకప్ ఏ ఐడీలోకి వెళ్తుందో చూసి, మీ సొంత ఐడీకి మార్చండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌కి వెళ్ళి అక్కడ కూడా గూగుల్ అకౌంట్ మార్చి, ఒకసారి బ్యాకప్ కొట్టండి. ఇది మర్చిపోయి పాత అకౌంట్ తీసేస్తే, రేపు కొత్త ఫోన్ కొన్నప్పుడు వాట్సాప్ పాత మాటలు తిరిగి రావు. బంధువుల గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు ముందు తుడిచెయ్యండి. లేకపోతే ఈ 15 జీబీ కూడా ఉగాదికల్లా నిండుతుంది.

పాత ఫొటోలు ఆ ఐడీలోనే ఉన్నాయి కాబట్టి దాన్ని డిలీట్ చెయ్యకూడదు. పాపది చేసినట్టే దాని పాస్‌వర్డ్ కూడా మార్చి మీ చేతికి తెచ్చుకోండి. ఇంకో పనికి కూడా అది అవసరం. ఆండ్రాయిడ్ ఫోన్‌ని పూర్తిగా చెరిపేసి రీసెట్ చేస్తే, అంతకు ముందు అందులో ఉన్న గూగుల్ అకౌంట్ పాస్‌వర్డో, పాత స్క్రీన్ లాకో అడిగి గానీ తెరుచుకోకపోవచ్చు. ఎత్తుకుపోయినవాడికి ఫోన్ పనికిరాకుండా చెయ్యడానికి పెట్టిన తాళం అది. పాస్‌వర్డ్ తెలియని అకౌంట్ ఒక్కటే ఉంటే ఆ తాళం మనకే పడుతుంది.

'తీసేస్తే ఏమైనా పోతాయా' అని అడిగారు. ఫోన్ నుంచి రిమూవ్ చెయ్యడం వేరు, అకౌంట్ డిలీట్ చెయ్యడం వేరు. రిమూవ్ చేస్తే ఈ ఫోన్లో కనిపించడం మానేస్తుంది, మెయిల్స్, ఫొటోలు అకౌంట్లో భద్రంగా ఉంటాయి, పాస్‌వర్డ్ కొట్టి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. ఫోన్ నంబర్లు ఆ అకౌంట్లో సేవ్ అయి ఉంటే కాంటాక్ట్స్‌లోంచి మాయమవుతాయి, కంగారు పడకండి, అవి కూడా అకౌంట్లోనే ఉంటాయి. డిలీట్ చేస్తే అన్నీ పోతాయి, ఆ పేరుతో జీమెయిల్ మళ్ళీ ఎవరూ తెరవలేరు కూడా. మీ ఏడింటిలో ఇప్పుడు డిలీట్ చెయ్యాల్సింది ఒక్కటీ లేదు.

రిమూవ్ చెయ్యాల్సింది మాత్రం ఉంది: షాపు ఐడీ. అది ఉండాల్సింది మీవారి ఫోన్లో. 'నాకవన్నీ తెలియవు, నువ్వే చూసుకో' అంటారని మీరు అంటారు. రోజంతా వాట్సాప్‌లో రేట్లు పెడుతూ, యూపీఐలో డబ్బులు వేస్తూ ఉండే మనిషికి మెయిల్ తెరవడం రాదంటే నేను నమ్మను. షాపులో లెక్కలు చూసే కుర్రాడు ఉంటే, పాస్‌వర్డ్ చెప్పకుండానే అతనికి మెయిల్ చూసే వీలు ఇవ్వొచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్' అని ఉంటుంది. అతను తన ఐడీతోనే లాగిన్ అయి షాపు మెయిల్స్ చదువుతాడు, జవాబిస్తాడు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేడు. రేపు పని మానేస్తే ఒక్క క్లిక్‌తో తీసేస్తారు.

జీఎస్టీ మెయిల్ ఆడిటర్ చెప్పేదాకా తెలియలేదన్నారు. అంటే రెండింటిలో ఒకటి. మెయిల్ షాపు ఐడీకే వచ్చి గుంపులో కనపడకుండా పోయింది, లేదా రిజిస్ట్రేషన్‌లో ఆడిటర్ ఐడీయే ఉంది. రెండోది చాలా షాపుల్లో జరుగుతుంది. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఓటీపీల కోసం మాటిమాటికీ ఫోన్ చెయ్యలేక ఆడిటర్ ఆఫీసు వాళ్ళు తమదే ఇస్తారు. ఇది చిన్న విషయం కాదు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్‌కి నోటీసు పంపితే అది అందజేసినట్టే లెక్క అని జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ చెప్తోంది. 'మేం చూడలేదండీ' అంటే వినరు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ అయి, 'నాన్ కోర్ ఫీల్డ్స్' (అంత కీలకం కాని వివరాలు) సవరణలో మీవారి మెయిల్, మొబైల్ పెట్టించండి. ఈ మార్పుకి ఆఫీసరు ఆమోదం కూడా అక్కర్లేదు, ఓటీపీతో అయిపోతుంది. ఆడిటర్ నొచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి. నేను ఫార్వర్డింగ్ వద్దన్నాను గానీ ఇక్కడ అది పనికొస్తుంది. జీఎస్టీ నుంచి వచ్చినవి మాత్రమే ఆడిటర్‌కి కూడా వెళ్ళేట్టు షాపు ఐడీలో ఒక ఫిల్టర్ పెట్టొచ్చు. మీ అబ్బాయి సెలవుల్లో వచ్చినప్పుడు అతనితో ఈ పని చేయించండి.

షాపు ఐడీ మీవారి చేతిలోనే ఉండాలనడానికి ఇంకో కారణం డబ్బు. సరుకు పంపే కంపెనీ పేరుతో ఒక మెయిల్ వస్తుంది, 'మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈసారి పేమెంట్ కింది నంబరుకి వెయ్యండి' అని. ఇన్‌వాయిస్ అచ్చం పాతదానిలాగే ఉంటుంది. ఫోన్లో మెయిల్ తెరిస్తే పంపినవాళ్ళ పేరే కనిపిస్తుంది, అసలు చిరునామా కనిపించదు. పేరు మీద నొక్కి చూస్తే అప్పుడు తెలుస్తుంది, ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉందని. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్ళ లాగా వ్యవహారమంతా మెయిల్ మీదే నడిపేవాళ్ళకి ఇది మరీ ప్రమాదం, అవతలి మనిషి ఎక్కడో విదేశంలో ఉంటాడు. మీవారికి అంత దూరం లేదు. ఎప్పుడూ మాట్లాడే నంబరుకి ఫోన్ చేసి 'ఏందబ్బా, అకౌంట్ మార్చారంటనే' అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. ఆ మెయిల్లో ఉన్న నంబరుకి మాత్రం చెయ్యకండి. పొరపాటున డబ్బు వెళ్ళిపోతే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీరు తరగతిలో పాఠం చెప్తుండగా మీ ఫోన్‌కి వచ్చే మెయిల్‌ని చూసి ఈ అనుమానాలన్నీ ఎవరు పడతారు?

ఇన్ని యాప్‌లలో ఏది మంచిదని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. జీమెయిల్ యాప్ ఒక్కటి చాలు. ఔట్‌లుక్ అయినా ఫర్వాలేదు, అందులోనూ జీమెయిల్, యాహూ పెట్టుకోవచ్చు. రెండూ పెట్టుకుంటే ప్రతి మెయిల్‌కీ రెండుసార్లు మోగుతుంది. 'అన్ని మెయిల్స్ ఒకేచోట' అని ప్రకటనల్లో వచ్చే ఊరూ పేరూ తెలియని యాప్‌లకు మాత్రం పాస్‌వర్డ్‌లు ఇవ్వకండి.

పాస్‌వర్డ్‌ల దగ్గర ఒక చిక్కు ఉంది. 'సేవ్ చెయ్యమంటారా' అని ఫోన్ అడిగినప్పుడు మీరు సరే అంటారు. అది ఎంచుకుని ఉన్న ఒక గూగుల్ అకౌంట్లోకి వెళ్తుంది. ఆ అకౌంట్ ఫోన్లోంచి తీసేస్తే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా కనిపించవు. ఫోన్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ లేదా ఆటోఫిల్ దగ్గర మీ సొంత ఐడీ ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ఒక నోటు పుస్తకంలో మాత్రం ఏ ఐడీ ఎవరిది, దాని రికవరీ నంబరు ఏది, ఎక్కడెక్కడ ఇచ్చారు అన్నది రాసి పెట్టండి. పాస్‌వర్డ్‌లు అందులో వద్దు. మీ సొంత ఐడీకి, పాప ఐడీకి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ఆధారం కూడా అడిగే ఏర్పాటు) పెట్టి, అప్పుడు ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకుని బీరువాలో దాచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయిన రోజు ఓటీపీ వచ్చే సిమ్ కూడా దాంతోపాటే పోతుంది కదా, అప్పుడు ఇవి కావాలి.

మిగిలింది మామయ్య. ఆయన ఐడీకి ఏమేం వస్తున్నాయో రెండు నెలల మెయిల్స్ వెనక్కి జరిపి చూడండి. ప్రకటనలు పోగా బహుశా బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చేవి మిగులుతాయి. ఆ రెంటి కోసం అకౌంట్ ఉంచాల్సిందే, నోటిఫికేషన్ నన్‌లో పెట్టి నెలకోసారి చూస్తే చాలు. మీరు ముందు చూడాల్సింది ఆయన సిమ్. పెద్దవాళ్ళ దగ్గర రెండో సిమ్ ఒకటి డ్రాయర్లో పడి ఉంటుంది, బ్యాంకుకీ మెయిల్‌కీ ఇచ్చింది అదే నంబరు అవుతుంది. ప్రీపెయిడ్ నంబరు తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్స్ కూడా లేకుండా ఉంటే కంపెనీ ఆపేయొచ్చు. ఆ తర్వాత ఇంకో తొంభై రోజులు దాటితే వేరేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. అప్పుడు మామయ్య ఓటీపీలు ఊరూ పేరూ తెలియని ఎవరి ఫోన్లోనో మోగుతాయి. ఆ సిమ్ ఇంకా బతికుంటే రీచార్జి చేయించి, అది పనిచేస్తుండగానే బ్యాంకులోనూ ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోనూ ఆయన రోజూ వాడే నంబరుకి మార్పించండి. ఆగిపోయి ఉంటే బ్యాంకుకి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళక తప్పదు. పన్ను పోర్టల్లో మాత్రం, ఆధార్‌కి ఆయన ఇప్పుడు వాడే నంబరు లింకయి ఉంటే ఆధార్ ఓటీపీతో లోపలికి వెళ్ళి ప్రొఫైల్‌లో మార్చుకోవచ్చు.